చదివి వినిపించగా

ఆ వేసవిలో మా ఊళ్ళో కామా మీద నేరం మోపారు. వాక్యం మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి పెట్టే కామా మీదే. దాంతోపాటు కామెర్ల వ్యాధి మీద, నౌకామార్గాల మీద, హస్తనైపుణ్యాల మీద, ఒక కామందు మీద, ఆయన గుర్రం మీద కూడా. మొత్తం అరవై మూడు పుస్తకాలు. అన్నీ మా అమ్మ పనిచేసే గ్రంథాలయంలో పిల్లల గదిలోవే.

అంతకు రెండు నెలల ముందు చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి హాని చేసే పుస్తకాలు బళ్ళలో, గ్రంథాలయాల్లో వాళ్ళ చేతికి అందకూడదని. "అందులో తప్పేముంది, మంచిదేగా" అని మొదట అన్నది అమ్మే. చిక్కు చట్టంతో రాలేదు, దాని వెనకాల వచ్చిన జాబితాతో వచ్చింది. పై ఆఫీసులో ఎవరో చెడ్డ మాటల పట్టీ తయారుచేసి కంప్యూటర్ చేతిలో పెట్టారు. దానికి అక్షరాలు తెలుసు గానీ అర్థాలు తెలియవు. 'కామ' అని ఎక్కడ కనబడితే అక్కడ ఎర్రగీత గీసేసింది. 'హస్తనైపుణ్యాలు' కడుపులోంచి 'స్తన' లాగి బయటికి తీసింది. అది అట్టపెట్టెలు అతకడం నేర్పే పుస్తకం. 'కామందు గుర్రం' అనే లావుపాటి నవలకైతే రెండు గీతలు పడ్డాయి.

జాబితా చూసి తాతయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఒక్క మాటలో కామమూ ఉంది, మందూ ఉంది. ఈ కామందు సామాన్యుడు కాడమ్మాయ్."

అమ్మ నవ్వలేదు. జాబితా కింద ఉన్న నిబంధన అప్పటికే ఆవిడకు కంఠతా వచ్చేసింది. గ్రంథాలయం బాధ్యురాలు ఒక్కో పుస్తకాన్నీ ఆద్యంతం చదవాలి. హాని లేదనుకుంటే లేదని, ఉందనుకుంటే ఏ పేజీలో ఉందో రాసి సంతకం పెట్టాలి. మొదటిది బీరువాలోకి తిరిగి వెళుతుంది, రెండోది తాళంలోకి వెళుతుంది. నలభయ్యో రోజు సాయంత్రం ఐదింటికి తేలని పుస్తకం ఒక్కటి మిగిలినా పిల్లల గది మొత్తానికి సీలు పడుతుంది. మళ్ళీ పై ఆఫీసు వేసే సంఘం వాళ్ళు వచ్చి చూసేదాకా తెరవరు. సంఘం వాళ్ళు ఎప్పుడొస్తారంటే ఎవరికీ తెలియదు. ఇంకొకటి కూడా ఉంది. ఈలోగా తేలని పుస్తకం మైనరుకి అందినట్టు రుజువైతే బాధ్యురాలిని ఏడాది పాటు ఆ కుర్చీలోంచి లేపేస్తారు.

ఆ గది అమ్మ ప్రాణం. పాత సామాను కొట్టుని ఖాళీ చేయించి, సున్నం వేయించి, పదకొండేళ్ళు కూడబెట్టిన పుస్తకాలతో నింపింది. కూర్చోవడానికి నాన్న డిపోలో పక్కన పడేసిన రెండు బస్సు సీట్లు అడిగి తెచ్చి బిగించాడు. కిటికీ పక్క సీటు కోసం పిల్లలు అచ్చం బస్సులో కొట్టుకున్నట్టే కొట్టుకునేవాళ్ళు.

అరవై మూడు పుస్తకాలు నలభై రోజుల్లో చదవడం అమ్మకి లెక్కలోది కాదు. కానీ జాబితా రావడానికి ముందురోజే ఆవిడ కుడికంటికి ఆపరేషన్ అయింది. కంటి మీద తెల్లటి కట్టు. రెండో కన్ను కూడా శ్రమ పడకూడదని, నలభై రోజులు ఒక్క అక్షరం చదవకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చదివితే చూపే పోతుందంది.

"నలభై రోజులు వాళ్ళవీ, నలభై రోజులు వీళ్ళవీ" అంది అమ్మ. "ఇద్దరూ కూడబలుక్కున్నట్టున్నారు."

సెలవు పెడితే ఇంకొకరిని వేస్తారు, ఆ వచ్చినవాళ్ళు తలనొప్పి ఎందుకని అన్నిటికీ తాళం వేసేస్తారు. అందుకని అమ్మ సెలవు పెట్టలేదు. పొద్దున పూట వెళ్ళి కట్టు కట్టుకున్న కంటితోనే పుస్తకాల మీద ముద్రలు వేసి వచ్చేది.

"నేను చదివి, ఎలా ఉందో చెప్తాను. నువ్వు సంతకం పెట్టేయ్" అన్నాడు నాన్న.

"చదవకుండా చదివానని సంతకం పెడతానా? నా చేత్తో అబద్ధం రాయమంటున్నారా?"

అన్నంత పనీ చేసే మనిషి. పిల్లలు పుస్తకం ఆలస్యంగా తెస్తే ఊరుకునేది గానీ, 'నిన్ననే తెచ్చానండీ' అని బొంకితే ఊరుకునేది కాదు. ఇల్లంతా ఉసూరుమంది.

అప్పుడు తాతయ్య గొంతు సవరించుకున్నాడు. ఈయన అమ్మకి నాన్న. నలభై ఏళ్ళు రిజిస్ట్రారాఫీసు వరండాలో చిన్న బల్ల వేసుకుని దస్తావేజులు రాసినవాడు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పాలన్నా 'ఇందుమూలముగా' అని మొదలుపెట్టే రకం.

"అమ్మాయ్, చదువు రానివాళ్ళు ఆస్తులు అమ్ముకోలేదా? కళ్ళు లేనివాళ్ళు వీలునామాలు రాయలేదా? దస్తావేజు చివర ఏం రాస్తాం? 'చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని చేసిన వ్రాలు.' విన్నదాన్ని చదివినట్టే లెక్క కట్టారు పెద్దలు. నలభై ఏళ్ళలో నేను రాసిన ఏ కాగితాన్నీ ఆ మాట మీద కోర్టులు కొట్టెయ్యలేదు."

అమ్మ కట్టు మీద చెయ్యి పెట్టుకుని, "ఒక్క పేజీ వదలకూడదు" అంది.

"అట్ట మీద పేరు దగ్గర్నుంచి వెనకాల ప్రెస్సు చిరునామా దాకా" అన్నాడు తాతయ్య.

ఆ సాయంత్రం మా ఇంట్లో పండిన సంబరం ఇంతా అంతా కాదు. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. రోజుకి రెండు పుస్తకాలు, మధ్యాహ్నం రెండింటి నుంచి ఆరింటి దాకా. అవి అన్నీ నేను చిన్నప్పుడు చదివి మరిచిపోయినవో, బద్ధకించి వదిలేసినవో. 'కామందు గుర్రం' నేను చదవనే లేదు. నేనూ వంతుకి చదువుతానని చాప పరిచి కూర్చున్నాను.

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు లే."

"ఎందుకు?"

"నీకు పదహారేళ్ళు."

"కామెర్ల పుస్తకం వింటే నేను చెడిపోతానా?"

"తేలేదాకా అది తేలని పుస్తకమే. నువ్వు మైనరువే. నా కూతురని చట్టం వేరే రాయరు. వీధి వరండాలో కూర్చో. లేదా ఎదురింటికి వెళ్ళు."

వాదించి ప్రయోజనం లేదు. వరండాలోకి వచ్చి గడప మీద కూలబడ్డాను. లోపల తలుపులు వేశారు. సందు వైపు కిటికీ కూడా వేశారు. ఆ కిటికీకి గడియ ఊడి ఏళ్ళయింది. నాన్న పాత టికెట్ల కట్ట ఒకటి మడిచి రెక్కల మధ్య దూరిస్తే అది బిగుసుకుని నిలబడేది.

మా నాన్న బస్సు కండక్టరు. పొద్దున డ్యూటీ దిగి వచ్చి, ముఖం కడుక్కుని పుస్తకం పట్టుకునేవాడు. టికెట్టు మీద అంకెలు తప్ప ఏమీ చదివే అలవాటు లేని మనిషి. మొదటి రోజు వ్యాకరణం పుస్తకం చేతికిచ్చారు. అదే, కామాల పుస్తకం. డిపోలో స్టాపులు పిలిచినట్టు ఎక్కడా ఆగకుండా మొదటి పాఠం మొత్తం ఒక్క గుక్కలో లాగించేశాడు. వరండాలో ఉన్న నాకు మాటలు తెలియలేదు గానీ ఆ దూకుడు మాత్రం వినబడింది. తర్వాత అమ్మ గొంతు, ఆ తర్వాత తాతయ్య నవ్వు.

ఏం జరిగిందో సాయంత్రం నాన్నే చెప్పాడు. రెండో పాఠం పేరు 'కామా దగ్గర ఆగుట'. అది చదివేసరికి ఆయనకు సంగతి బోధపడిందట.

"ఇన్నేళ్ళూ నేను నాన్‌స్టాప్ బండి నడిపాను. ఇక్కడ స్టాపులున్నాయని ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

అక్కణ్ణుంచి నాన్న చదువు మారిపోయింది. కామా దగ్గర ఒక క్షణం, చుక్క దగ్గర రెండు క్షణాలు. పుస్తకం అయిపోగానే "ఆఖరి స్టాపు, అందరూ దిగాలి" అని కేకేసేవాడు. అది మాత్రం తలుపులు వేసినా వీధి మొత్తానికి వినబడేది. అప్పుడు తాతయ్య ఫారం నింపేవాడు, అమ్మ విన్నదంతా ఒకసారి నెమరువేసుకుని వ్రాలు, అదే సంతకం, చేసేది. తేలిన పుస్తకాన్ని అమ్మ బయటికి తెచ్చి నా ఒళ్ళో పడేసేది. కామాలు తేలాయి, కామెర్లు తేలాయి, నౌకామార్గాలు తేలాయి. నేను వాటి మీద పడి చదివేదాన్ని. ఎప్పుడూ తాకని ఓడల పుస్తకాన్ని ఎర్రగీత పడ్డదనే ఒక్క కారణంతో రెండుసార్లు చదివాను.

అన్నీ అలాంటివే అనుకుంటే పొరపాటు. పదమూడో రోజున తాతయ్య తలుపు తీసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"ఏమైంది తాతయ్యా?"

"మీ నాన్న నన్ను కాస్త గాలి పీల్చుకుని రమ్మన్నాడు. మామగారి ముందు చదవలేడట పాపం." చెవులు రుద్దుకున్నాడు. "నేనూ వినలేను."

అట్ట మీద పిట్ట బొమ్మ ఉందని ఎవరో పిల్లల గదికి దానం చేసిన పుస్తకం అది. అమ్మ దాన్ని కూడా చివరిదాకా చదివించుకుంది. బయటికి వచ్చినప్పుడు ముఖం కందిపోయి ఉంది. అదీ, అలాంటివి మరో మూడూ తన చేత్తో తాళంలో పెట్టింది. "పదకొండేళ్ళు నా బీరువాలో ఉంది, నేను చూసుకోలేదు. చట్టం చేసినవాళ్ళు వెర్రివాళ్ళు కారు" అంది ఆ రోజు.

ముప్పయ్యో రోజుకి యాభై ఎనిమిది పుస్తకాలు తేలాయి. చిన్నవన్నీ ముందు కానిచ్చి లావుపాటివి వెనక్కి నెట్టారు. ఆ రోజు 'కామందు గుర్రం' మొదలైంది. నాలుగొందల పేజీలు.

ఆ మధ్యాహ్నం నేను సందులో ఉన్నాను. లోపల ఏం జరుగుతోందో తెలియదు గానీ నాన్న గొంతులో ఏదో తేడా వచ్చింది. పెద్దగా, ఆగి ఆగి, మళ్ళీ మెల్లగా. మధ్యలో తాతయ్య "అయ్యయ్యో" అన్నాడు. నా ప్రాణం కొట్టుకులాడింది. కిటికీ రెక్క అంచు పట్టుకుని ఇటు లాగాను. టికెట్ల కట్ట లోపల ఎక్కడో పడింది. రెక్క నాలుగు వేళ్ళ మందాన తెరుచుకుంది. గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను.

కథ ఇది. ఊరి భూములన్నీ ఏలే ఒక కామందు దగ్గర ఎవరూ ఎక్కలేని గుర్రం ఒకటుంది. దాన్ని మచ్చిక చేసిన పనిపిల్లకి దాని మీద ఏ హక్కూ లేదు. గుర్రాన్ని అమ్మేస్తానంటాడు కామందు. ఆ పిల్ల దాన్ని తీసుకుని పారిపోతుంది. దొరికితే గుర్రాన్ని కాల్చేస్తానని కామందు తుపాకీ పట్టుకుని బయల్దేరతాడు, ఇక అక్కణ్ణుంచి తరుముడే.

మర్నాడు నా పక్కన ఎదురింటి లెక్కల మాస్టారి కూతురు కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళది. ఏం చెప్పినా ఎందుకు అని అడుగుతుందని దాన్ని అందరూ ఎందుకమ్మ అని పిలిచేవాళ్ళు. నోటి మీద వేలు పెట్టి చూపించాను. ఎందుకు అని అడగలేదు. ఆ పిల్ల జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను. మూడో రోజుకి నలుగురు, ఆరో రోజుకి పదకొండు మంది. ఎండకి గోడ నీడ జరుగుతుంటే మేమంతా దానితోపాటే జరిగేవాళ్ళం. నాన్న కామా దగ్గర ఆగితే పదకొండు మందిమీ ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆ పది రోజుల్లో నేను పడ్డ సంతోషం మళ్ళీ ఎప్పుడూ పడలేదని చెప్పగలను. తప్పు చేస్తున్నానని తెలుసు. అయినా లేవలేకపోయాను.

రోజూ రెండింటికి అదే తంతు. వాళ్ళు కిటికీ బిగించేవాళ్ళు, నాన్న మొదలుపెట్టగానే నేను లాగేదాన్ని.

నలభయ్యో రోజు వచ్చింది. మిగతావన్నీ పూర్తయ్యాయి, కామందు ఒక్కడే మిగిలాడు. ఆఖరి నలభై పేజీలు. గుర్రం కాలు విరిగి వాగు ఒడ్డున పడి ఉంది, కామందు తుపాకీ తీశాడు, పిల్ల అడ్డంగా నిలబడింది.

"గుర్రం తల ఎత్తి ఆయన వైపు చూసి," అని చదివి నాన్న కామా దగ్గర ఆగాడు.

వీధి తలుపు ఎవరో తట్టారు.

వచ్చింది పై ఆఫీసు పరిశీలకురాలు. తేలని గదులకు లక్క సీళ్ళు వేసేది ఆవిడే గనక ఊళ్ళోవాళ్ళు సీలమ్మ అనేవాళ్ళు. సాయంత్రం ఐదింటికి రావాల్సిన మనిషి మూడు కాకుండానే వచ్చింది. ఆవిడ వెనకాల లెక్కల మాస్టారు. పిల్లలు తలో దిక్కుకి పరుగెత్తారు. ఎందుకమ్మ మాత్రం కదల్లేదు. నేనూ కదల్లేదు. కిటికీ సందులోంచి అంతా కనబడుతోంది.

మాస్టారు కోపంగా లేడు. ఇబ్బందిగా ఉన్నాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి. మా పిల్ల నాలుగు రోజుల్నుంచి నిద్దట్లో ఉలిక్కిపడి ఏడుస్తోంది. గుర్రాన్ని కాల్చేస్తారు కాల్చేస్తారు అని. ఎక్కడ విన్నావే అంటే మీ కిటికీ కింద అంది. వెళ్ళి ఆఫీసులో అడగకుండా ఎలా ఉంటాను?"

"అడగాల్సిందేనండి" అంది అమ్మ.

సీలమ్మ ఫారాల కట్ట ఒళ్ళో పెట్టుకుంది. "అరవై రెండు ఫారాలూ చూశాను. ప్రతిదాని కిందా 'చదివి వినిపించగా విని' అనుంది. అంటే విన్నా చదివినట్టేనని మీ ఉద్దేశం."

"ముమ్మాటికీ" అన్నాడు తాతయ్య. "దస్తావేజుల చట్టం పుట్టినప్పట్నుంచీ..."

"అయితే పెద్దాయనా, కిటికీ కింద కూర్చున్న పిల్లలు కూడా ఈ పుస్తకం చదివినట్టేగా?"

తాతయ్య నలభై ఏళ్ళ అనుభవం ఒక్క ప్రశ్నతో గోడకి కొట్టిన సున్నం అయింది.

"కాదంటారా, మీ అరవై రెండు సంతకాలూ చెల్లవు. ఇప్పుడే వెళ్ళి గది మూసేస్తాను. అవునంటారా, తేలని పుస్తకం మైనర్లకి అందించారని రాస్తాను. రెండూ మీ మాటలే. ఏదో ఒకటి చెప్పండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాన్న పుస్తకంలో వేలు పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. అమ్మ మాత్రం ఆలోచించినట్టు కూడా కనబడలేదు.

"విన్నా చదివినట్టేనండి. నేను చదివాను, వాళ్ళూ చదివారు."

"తలుపులూ కిటికీలూ మూసి చదవాలని మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి ఆ కిటికీ ఎవరు తీశారు?"

నేను లేచి నిలబడ్డాను. నేనే అనడానికి నోరు తెరిచాను.

"నేనే తీశాను" అంది అమ్మ. "ఉక్కపోసింది."

సీలమ్మ కిటికీ వైపు చూసింది. అందులోంచి కనబడుతున్న నా ముఖం వైపు చూసింది. తర్వాత తల వంచుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. నేను నోరు మూసుకున్నాను. ఆ నోరు అప్పుడు ఎందుకు మూసుకున్నానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

రాయడం కాగానే అమ్మ అడిగింది. "ఐదింటి దాకా గడువుంది కదండీ. నా మీద రాసేది రాశారు. ఈ నలభై పేజీలూ కానివ్వండి."

సీలమ్మ గడియారం చూసుకుంది. కుర్చీ ముందుకి లాక్కుంది. "అమ్మాయ్, ఆ కిటికీ మూసెయ్" అంది నాతో.

నా చేత్తో నేనే మూశాను. మాస్టారు తన కూతురి పక్కన సందులోనే నిలబడిపోయాడు. పారిపోయిన పిల్లలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. లోపల నాన్న ఆ కామా దగ్గర్నుంచే అందుకున్నాడు. మాకు ఒక్క మాటా తెలియడం లేదు, వట్టి గొంతే. గొంతు పైకి లేస్తే మా గుండెలు పైకి లేచాయి. ఒకచోట పూర్తిగా ఆగిపోయింది. కామా కాదు, చుక్కా కాదు, అంతకంటే ఎక్కువసేపు. ఎందుకమ్మ మాస్టారి చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు ఆగారు నాన్నా?"

"ష్" అన్నాడు లెక్కల మాస్టారు. ఆయన చెవి గోడకి ఆనించి ఉంది.

మళ్ళీ గొంతు లేచింది. నాలుగున్నర దాటింది. నాలుగూ నలభై అయింది. అప్పుడు మూసిన కిటికీని దాటుకుని, సందు దాటి, వీధి దాటి వినబడింది నాన్న కేక.

"ఆఖరి స్టాపు, అందరూ దిగాలి."

పదకొండు మంది పిల్లలూ ఒక్కసారి కేరింతలతో చప్పట్లు కొట్టారు. మాస్టారు కూడా చప్పట్లు కొట్టి, వెంటనే సిగ్గుపడి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. నేను తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తాను. అమ్మ వ్రాలు చేస్తోంది. తాతయ్య ఫారం తన వైపు తిప్పుకుని నసిగాడు.

"దస్తావేజుకి సాక్షి ఉంటే బలం. చదవగా విన్నవాళ్ళు..."

సీలమ్మ మాట్లాడకుండా కలం అందుకుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, అమ్మ పేరు కింద సాక్షిగా సంతకం చేసింది. అదే కలంతో అమ్మ మీద రాసిన రెండో కాగితం కింద కూడా సంతకం చేసింది. రెండూ ఒకే సంచిలో పెట్టుకుని లేచింది. ఆవిడ గడప దిగుతుంటే ఎందుకమ్మ అడ్డం వెళ్ళింది.

"గుర్రం బతికిందా?"

"ఇక తేలిన పుస్తకమే కదమ్మా. తీసుకుని చదువుకో."

"రేపు ఇప్పిస్తాలే" అన్నాడు మాస్టారు. ఓ అడుగు వేసి ఆగాడు. "రేపెందుకు, ఐదింటి దాకా తెరిచే ఉంటుందిగా." తండ్రీకూతుళ్ళు అమ్మ వెనకాలే గ్రంథాలయానికి నడిచారు. వాళ్ళ వెనకాల నాన్న, తాతయ్య, పది మంది పిల్లలు, వేలికి సిరా అంటిన సీలమ్మ. కిటికీ పక్క బస్సు సీట్లో ఎందుకమ్మని కూర్చోబెట్టి అమ్మ ఆ పుస్తకం మీద ముద్ర వేసింది. ఆ కుర్చీలో కూర్చుని ఆవిడ వేసిన ఆఖరి ముద్ర అదే.

పిల్లల గదికి సీలు పడలేదు. అమ్మని మాత్రం ఏడాది పాటు పాత రికార్డుల గదికి పంపారు. అక్కడికి పిల్లలెవరూ రారు. ఏడాది తర్వాత ఆ కుర్చీలో వేరే మనిషి కుదురుకుపోయింది, అమ్మ తిరిగి అడగలేదు. ఇంట్లో మాత్రం నాన్న చదవడం మానలేదు. అమ్మ కంటికట్టు విప్పేశాక కూడా, ఆవిడ తనే చదువుకోగలిగాక కూడా, రోజూ డ్యూటీ దిగి వచ్చి ఏదో ఒకటి చదివి వినిపించేవాడు. సందు వైపు కిటికీ బార్లా తీసి పెట్టి మరీ.

కిటికీ సంగతి నేనూ ఎత్తలేదు, అమ్మా ఎత్తలేదు. నేను తాతయ్య బల్ల దగ్గర పని నేర్చుకుని దస్తావేజుల లేఖరినయ్యాను. ఊరందరి చేతా నిజం రాయించి వ్రాళ్ళు చేయిస్తాను. ఒక్క అబద్ధం పడనివ్వని మా అమ్మ నా కోసం అబద్ధం చెప్పిందని, దానికి తన గదిని పోగొట్టుకుందని ఇరవై ఆరేళ్ళు మోశాను. ఈ మధ్య ఇక మోయలేక ఇదంతా పూసగుచ్చినట్టు రాశాను. రాసి, నిన్న మధ్యాహ్నం అమ్మ ముందు కూర్చుని, అట్ట మీద పేరు దగ్గర్నుంచి చదివి వినిపించాను.

కళ్ళు మూసుకుని వింది. నాన్న కామాల దగ్గర నవ్వింది, తాతయ్య దగ్గర కొంగుతో కళ్ళొత్తుకుంది. అయిపోయాక, "ఒక్కచోట తప్పుంది. దిద్దు" అంది.

"ఎక్కడ?"

"నేను అబద్ధం చెప్పానని రాశావు."

"కిటికీ తీసింది నేనమ్మా."

"నువ్వు లాగావు. నాకు గాలి తగల్లేదనుకున్నావా? పది రోజులూ లోపల పడిన ఆ టికెట్ల కట్ట తీసి గూట్లో పెట్టింది ఎవరనుకున్నావు? కంటికి కట్టుంటే చేతికి కూడా కట్టుంటుందా?" కాగితాలు తన వైపు లాక్కుంది. "పిల్లల ఊపిరి వినబడేది నాకు. తెలిసీ మూయనిదాన్ని నేను. తీసింది నేనే అవుతాను."

నేను దిద్దలేదు. ఎలా దిద్దాలో తెలియక అలాగే ఉంచాను. అమ్మ కలం అడిగి తీసుకుంది. ఆ ఒక్కచోట తప్ప మిగతాదంతా సరియని ఒప్పుకొని, కింద వ్రాలు చేసింది.